జెండా లేని సైగ

ఖరగ్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో నా కాలర్ పట్టుకున్నవాడు ఆ మధ్యాహ్నం మా చేతిలో ఓడిన ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్. దొంగ పెనాల్టీతో గెలిచామని వాడి కోపం. నేనూ పిడికిలి ఎత్తాను. మా వెనక రెండు జట్లూ బెంచీల మీంచి లేచాయి.

మూలన కూర్చున్న ఒక ముసలాయన గబగబా మా మధ్యకు వచ్చి, రెండు చేతులూ తలపైకి నిటారుగా ఎత్తి నిలబడ్డాడు. అందరం రైల్వే క్వార్టర్లలో పెరిగినవాళ్లమే. చేతిలో జెండా లేనప్పుడు బండిని ఆపే సైగ అదని మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కాలర్ మీద వాడి పట్టు సడలింది.

"మీ రెండు క్లబ్బులూ వర్క్‌షాపులోనే పుట్టినాయిరా," అన్నాడాయన ఆయాసపడుతూ. "మా నాయనోళ్లు డూటీ దిగి తిన్నగా గ్రౌండుకే ఎల్లీవోరు. రెఫరీ లేడు, విజిలూ లేదు. గొడవైతే ఎవుడో ఒకడు ఇలగ సేతులెత్తీవోడు. ఎక్కడోడు అక్కడ ఆగిపోవాల."

"ఆగకపోతే ఏటి తాతా?" అన్నాడు కెప్టెన్, ఇంకా నన్నే చూస్తూ.

"మర్నాడు వర్క్‌షాపులో ఆడి పక్కన ఎవుడూ పనిసెయ్యడు."

ఇంతలో ఆయన ఎక్కాల్సిన లోకల్ వచ్చింది. పేరు అడిగేలోపే వెళ్లిపోయాడు.

మొన్న ఆదివారం మ్యాచ్‌లో ఒకడు నా మొహాన ఉమ్మాడు. నా కుడిచెయ్యి లేచింది. దాని వెంటే ఎడమది కూడా.