మిగిలిన నాలుగు నిమిషాలు

మార్చి నెల, శుక్రవారం సాయంత్రం. హాజరైనవారు: స్వరూప, ఆమె జట్టు, ఫిలిప్పీన్స్ నర్సుల జట్టు, మన తెలుగువాళ్ళ సంఘం కార్యదర్శి, ముఖ్య అతిథి, స్కోరు బల్ల దగ్గర నేను.

ఈ అరబ్బు దేశంలో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో, మా విల్లా వెనక ఎవరో సిమెంటు నేల మీద బంతి కొడుతున్నారు. ఆ చప్పుడుకే పాత డైరీ తీశాను. ఆ పేజీ చదివితే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మంటలో సగం నా మీదే.

స్వరూపది కరీంనగర్. బాస్కెట్‌బాల్‌లో రాష్ట్ర జట్టుకు కెప్టెన్. ఆట మంచి ఊపులో ఉండగానే పెళ్ళయింది. "ఇంక నీకు జెర్సీ ఎందుకమ్మా?" అని సెలెక్టర్లు శాలువా కప్పి పంపేశారు. ఇక్కడికి వచ్చి, అల్ రయ్యాన్‌లో ఒక బడిలో ఆటల టీచరుగా చేరి, శుక్రవారాలు మా వీధి చివరి కోర్టులో మన ఆడవాళ్ళకు ఆట నేర్పింది. స్టోర్‌కీపర్‌గా రిటైరై కూతురి దగ్గర ఉంటున్న నన్ను స్కోరు రాయమంది. మొదటి రోజే నా చేతిలోంచి పెన్సిల్ లాక్కుంది.

"పెన్నుతోని రాయుండ్రి సార్. పెన్సిల్‌తోని రాస్తే ఎవలన్న వచ్చి తుడిపిస్తరు."

ఆ శుక్రవారం ఫైనల్. ఆమె కాంట్రాక్టు అయిపోయింది, ఆదివారం విమానం. అదే ఆమె చివరి ఆట. ఇంకా నాలుగు నిమిషాల ఆట ఉంది, ఆమె జట్టు రెండు పాయింట్లు వెనకబడి ఉంది. అప్పుడు ముఖ్య అతిథి వాచీ చూసుకున్నాడు. వెంటనే కార్యదర్శి ఈల ఊదించి, ఆట ఆపించి, నా చెవి దగ్గరకు వంగాడు.

"వెళ్ళిపోతున్న అమ్మాయి కదా మాస్టారూ, కప్పు ఆవిడకే ఇచ్చేద్దాం. గెలిచినట్టు రాసి సంతకం పడేయండి. ఆ నర్సులేం అనుకోర్లెండి."

పెట్టాను. పెన్నుతోనే పెట్టాను.

ముఖ్య అతిథి కప్పు ఇచ్చి శాలువా కప్పాడు. అది భుజాన పడీ పడగానే స్వరూప లాగి నా బల్ల మీద పడేసింది.

"అసుంటివి ఇంట్ల నాలుగున్నయి. కప్పినోడల్లా నా ఆట బంద్ వెట్టినోడే."

"కోపమెందుకమ్మా, గెలిచావు కదా!" అన్నాడు కార్యదర్శి.

"ఎవలు గెలిచిన్రు? బోర్డు సూడు!" అని, నా వైపు తిరిగింది. "మీరు గూడనా సార్?"

ఆ తర్వాత ఎంత పెద్దవాడు అడిగినా, జరగనిదాని కింద నేను సంతకం పెట్టలేదు.

మర్నాడు ఉదయం ఆరింటికి తలుపు కొట్టింది. "యల్లా, నడువుండ్రి సార్, గడియారం వట్టుకొని రండ్రి."

అందరికీ తనే ఫోన్లు చేసిందట. నర్సులు డ్యూటీ బట్టల్లోనే వచ్చారు. నాలుగు నిమిషాలు పెట్టాను. చప్పట్లు కొట్టడానికి ఎవరూ లేరు. స్వరూప జట్టు మూడు పాయింట్ల తేడాతో ఓడింది. ఆమె కప్పు తెచ్చి నర్సుల కెప్టెన్ చేతిలో పెట్టి, నిన్నటి కాగితం నా ముందుకు తోసింది. నేను రాసింది కొట్టేసి అసలు స్కోరు వేశాను. ఓడిన కెప్టెన్ గడిలో ఆమె తన పేరు పెద్ద అక్షరాలతో రాసింది.

"ఇగ పోతా సార్," అంది.