చింత మొద్దులో ఏడు మేకులు

హుజూరాబాద్‌లో నా దుకాణం బోర్డు మీద ‘చెట్లు కోసే మిషన్ల చైన్లు శుభ్రం చేసి సాన పట్టబడును’ అని రాయించాను. అందులో ‘శుభ్రం’ అనే మాట చదివిన గిరాకీ ఇంతవరకు ఒక్కడూ రాలేదు. బురద, రంపపు పొట్టు, ఆయిల్ కలిసి గడ్డకట్టిన చైన్‌ను యూరియా సంచిలో చుట్టుకొచ్చి బల్ల మీద దబ్బున పడేస్తారు. “జర జల్ది కావాలె” అంటారు. దాన్ని డీజిల్‌లో నానబెట్టి, ఇనుప బ్రష్‌తో తోమి, లోపల పళ్లు మిగిలాయా లేదా అని వెతుక్కోవడం నా వంతు.

పదును పోయిన చైన్‌ను మొద్దుబారింది అంటాం. అది కోసే దుంగనూ మొద్దే అంటాం. ఈ రెండింటి మధ్య నిలబడి మిషన్ పట్టుకునే మనిషికి ఇంకో పేరు వెతికే శ్రమ నేనెప్పుడూ పడలేదు. ఒకాయన చైన్‌ను తిరగేసి ఎక్కించుకొని, పొద్దంతా చెట్టుకు పొగ పెట్టి, సాయంత్రం నా మీదికి తగాదాకు వచ్చాడు. దుబాయ్ నుంచి కొత్త మిషన్ తెచ్చుకున్న మరొకాయన దసరాకు చైన్ నిండా పసుపు కుంకుమ మెత్తి, దాని మీదే కొబ్బరికాయ కొట్టి, నీళ్లయినా తుడవకుండా అటక మీద పెట్టాడు. ఉగాదికి దించి, తుప్పు ఎందుకు పట్టిందని నన్నడిగాడు. “దేవుణ్ణే అడుగు, కొబ్బరినీళ్లు తాగింది ఆయననే గద” అన్నాను. మళ్లీ రాలేదు. పీడా పోయింది.

నా నోరు మంచిది కాదని ఊరందరికీ తెలుసు. నాకు ఐదేళ్లు దాటేదాకా మాటే రాలేదని నన్ను కన్న అవ్వ అంటుంది. ఆ కొరతంతా ఇప్పుడు గిరాకీల మీద తీర్చుకుంటున్నాను.

చైన్ పళ్లు అబద్ధం చెప్పవు. నేలకు తగిలితే గుండ్రంగా అరుగుతాయి, ఇనుముకు తగిలితే మూలలు విరుగుతాయి. ఈ సంగతి నాకు తెలుసని తెలిసి కూడా నా మొఖం మీదే అబద్ధాలాడతారు. చెట్టులో ఇనుము అంటే మా బాపుకు ఒళ్లుమంట. నాన్న కోత పనివాడు. చెరో వైపు ఒకరు పట్టి లాగే పెద్ద రంపంతో బతికాడు. ఒకసారి రోడ్డు పక్కన వేపచెట్టుకు ఎవరో ట్యూషన్ బోర్డు బిగిస్తుంటే చేతిలో సుత్తి లాగి కాలువలో పారేశాడు. “చెట్టుకు మేకు కొట్టే చెయ్యి గూడ ఒక చెయ్యేనారా?” అని తిట్టాడు. ఆయన రంపం ఎప్పుడో తుప్పు పట్టిపోయింది. ఆ ఒళ్లుమంట మాత్రం నాకు చక్కగా దక్కింది.

మొన్నటి ఎండాకాలంలో, చుట్టుపక్కల ఊళ్లలో చెట్లు కొట్టించే మేస్త్రీ ఒకడు ఒకే చైన్‌ను రెండు రోజుల్లో మూడుసార్లు తెచ్చాడు. మూడుసార్లూ పళ్ల మూలలు విరిగి ఉన్నాయి.

“మేకులు తగిలినయా?” అన్నాను.

“మేకులు ఏడియి? నీ చెయ్యే పోయింది” అన్నాడు.

మేకులున్న మొద్దును సామిల్లు వాళ్లు తీసుకోరు. అందుకే వాడు చచ్చినా ఒప్పుకోడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో నలుగురి ముందు నిలబడి, “ఆయన చెయ్యి పోయింది, ఇగ మనం కరీంనగర్ పోవుడే” అన్నాడు. సాన పట్టేవాడికి చేతి పేరు తప్ప ఇంకేం ఉంటుంది? ఆ మాట నాలుగు ఊళ్లు పాకితే నేను దుకాణం ఎత్తేయాల్సిందే. నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది.

చెట్టు ఏ ఊళ్లో ఉందని అడిగితే మా అవ్వ పుట్టిన ఊరు చెప్పాడు. అమ్మమ్మ పోయాక నేను అటువైపు అడుగు పెట్టలేదు. షట్టర్ దించి, పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం, సుత్తి, పట్టకారు సంచిలో వేసుకొని మేస్త్రీ వెనకాలే బండి మీద వెళ్లాను.

అది మా అమ్మమ్మ పక్కింటి ముసలావిడ పెరట్లోని చింతచెట్టు. అప్పటికే పడగొట్టారు. మానును ముక్కలు చేసే దగ్గరే చైన్ పోతోంది. కోత పడిన చోట అయస్కాంతం పెట్టగానే టప్పున అతుక్కుంది. గొడ్డలితో బెరడు చెక్కితే నల్లటి మేకు తలలు బయటపడ్డాయి. లెక్కపెట్టాను. వరసగా ఏడు. దయ్యాలను కట్టేయడానికి కొట్టే మేకులు. నా సంతోషం పట్టనలవి కాలేదు.

వాడకట్టంతా వినేటట్టు అరిచాను. “చూసిండ్రా! నా చెయ్యి పోయిందంట! దయ్యమని, భూతమని ఏ మొద్దు మొఖపోడు గొట్టిండో గివి! గసొంటోని చేతులు ఇరగ్గొట్టాలె!”

ముసలావిడ గడప దాటి వచ్చింది. “జర మెల్లగ బిడ్డా” అంది. “అవి మీ బాపు గొట్టినయే.”

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

“అయిదేండ్లు నిండినా నువ్వు నోరు తెరువకపోతివి. అమాసకొక మేకు కొడితె మాటొస్తదని ఎవలో చెప్పిండ్రు. మీ అవ్వ ఏడ్సి మొత్తుకుంటె ఒప్పుకున్నడు. మేకు కొట్టినప్పుడల్ల చెట్టుకు దండం బెట్టి, తప్పయిందని చెప్పుకుంటుండె. ఏడో అమాస దాటినంక నీకు మాటొచ్చింది.” నన్ను కింది నుంచి పైదాకా చూసింది. “మస్తుగనే ఒచ్చింది.”

పట్టకారుతో మేకులు లాగడం మొదలుపెట్టాను. ఆరు వచ్చాయి. ఏడోది తల తెగిపోయింది. ఆ ఒక్క చోటును వదిలి కోసుకోమని మేస్త్రీకి సుద్దతో గీత గీసి చూపించాను. వాడు తల గోక్కొని, “నీ చెయ్యి మంచిదే తియ్యి, నేనే తప్పన్న” అన్నాడు. ఆ ఒక్క మాట అనిపించడానికే అంత దూరం వచ్చాను. అది ఎవరి గురించో అన్నట్టు వినబడింది.

దుకాణానికి తిరిగొచ్చి ఆ చైన్‌ను నాలుగోసారి బిగించాను. ఒక్కో పంటినీ ఆకురాయితో రాస్తూ పోయాను. నా తిట్లకు అలవాటు పడిన మేస్త్రీ స్టూలు మీద కూర్చొని కాసేపు ఎదురుచూశాడు.

“ఏందే, ఇయ్యాల ఏమంటలేవు?” అన్నాడు.

నాకు మాట రాలేదు.