మిట్టూ గిన్నె కిర్రుమన్న వేసవి

1978 ఫిబ్రవరిలో నన్ను ఆదోనికి బదిలీ చేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. జనం నోట్లో పశువుల డాక్టరు. ఉద్యోగంలో చేరి నాలుగేళ్లయినా, ఒక ఆసుపత్రికి నేనే పెద్దనవడం అదే మొదటిసారి. నా కింద ఒక కాంపౌండరు, ఒక అటెండరు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. నేనూ అంతే. చేరిన వారంలోనే గోడలకు సున్నం కొట్టించాను, మందుల బీరువా ఖాళీ చేయించి కడిగించాను, సిరంజీలు రోజుకు రెండుసార్లు మరిగించాలని కాగితం రాసి గోడకు అంటించాను. కాంపౌండరు నరసప్ప నాకంటే ఇరవయ్యేళ్లు పెద్ద. పాపం, నోరెత్తకుండా అన్నీ చేశాడు. నాకు శుభ్రత పిచ్చి. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ పిచ్చి తెచ్చిన తంటాయే.

మా దగ్గర ఔట్ పేషెంట్ రిజిస్టరు అని ఒకటి ఉండేది. వైద్యానికి వచ్చిన ప్రతి ప్రాణినీ అందులో ఎక్కించాలి. ఎద్దులకు ఒక గడి, ఆవులకు ఒకటి, ఎనుములకు, గొర్రెలకు, మేకలకు, కుక్కలకు, కోళ్లకు తలా ఒకటి. చుట్టూ పత్తి, వేరుశనగ సేద్యం కావడంతో మాకు వచ్చేవి ముప్పాతిక భాగం ఎద్దులే. ఏప్రిల్ నెలలో ఒక ఉదయం ఏ గడిలోనూ పట్టని రోగి వచ్చింది. అది రామచిలుక. దాన్ని పంజరంలో పెంచడం ఇప్పుడు చట్టప్రకారం తప్పు. అప్పట్లో మా ఊళ్లో ఆ మాట ఎత్తినవారు లేరు. కోళ్ల గడిలో రాయమన్నాను. నరసప్ప గొంతు తగ్గించి, "కోడి అని రాస్తే ఆ యమ్మ ఊరుకోదు సార్" అన్నాడు. చివరికి 'ఇతరములు' అన్న గడి దానికి దక్కింది.

ఆ యమ్మ పేరు బీబమ్మ. అరవై దాటిన మనిషి. రెండు కళ్లూ కనబడవు. కోడలు చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే, పంజరాన్ని తానే ఒడిసిపట్టుకుని వచ్చింది. కోడలు పొద్దున్నే పత్తి మిల్లుకు పనికి పోతుంది. కొడుకు మస్తాన్ ఊరూరా తిరిగి పని చేసుకునే మనిషి, పెళ్లిళ్ల కాలమంతా ఎమ్మిగనూరులోనే ఉంటాడు. పగలంతా ఇంట్లో ఉండేది బీబమ్మ, చిలక. చిలక పేరు మిట్టూ. గడప దాటి ఎవరు అడుగు పెట్టినా ఎవరది అన్నట్టు "కౌన్ హై?" అని అరుస్తుంది. మనిషైతే జవాబిస్తాడు. జవాబు రాలేదంటే వచ్చింది మేకో కుక్కో అని బీబమ్మ కర్ర అందుకుంటుంది. ఆ ఇంటికి తలుపు, గొళ్లెం, కాపలా అన్నీ మిట్టూయే.

అలాంటి మిట్టూ రెండు రోజులుగా తిండి మాని తుమ్ముతోంది. పంజరంలోకి చూస్తే కారణం ఎదురుగానే ఉంది. ఇత్తడి నీళ్ల గిన్నె సరిగ్గా అది కూర్చునే పుల్ల కిందే పెట్టారు. నానిన శనగలు, మిరప గింజలు, రెట్ట అన్నీ అందులోనే. గిన్నె లోపల వేలు పెడితే జారిపోయింది. నాకు ఒళ్లు మండింది. గిన్నెను పుల్ల కింది నుంచి తీసి పక్కకు కట్టమన్నాను, నీళ్లు పూటకోసారి మార్చమన్నాను. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఆమెకు కళ్లు లేవు కాబట్టి శుభ్రతను వేలితో తెలుసుకునే ఉపాయం చెబుదామనిపించింది. ఆసుపత్రిలోని స్టీలు గ్లాసును కడిగించి, ఆమె చూపుడువేలు పట్టుకుని లోపల రుద్దించాను. కిర్రుమంది. చింతపండు, ఇటుకపొడి పెట్టి పూటపూటా తోమాలనీ, ఇలా కిర్రుమనేదాకా వదలకూడదనీ చెప్పాను.

బీబమ్మ కాస్త నసిగింది. "ఆ గిన్నెను చింతపండేసి తోమితే మావాడు వచ్చి తిడతాడు సారూ" అంది.

"తిడితే నా పేరు చెప్పు" అన్నాను, మందు చీటీ మీంచి తల ఎత్తకుండానే.

రెండు రోజుల్లో మిట్టూ కోలుకుంది. నేను పొంగిపోయాను. ఆసుపత్రికి వచ్చిన రైతులకు ఎద్దుల నీళ్ల తొట్టి గురించి ఉపన్యాసం ఇచ్చేటప్పుడల్లా బీబమ్మ చిలకను ఉదాహరణగా చెప్పేవాణ్ణి. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా. వాళ్లూ ఓపిగ్గా తలలూపేవారు.

మే నెల చివర్లో కోడలు పరుగున వచ్చింది. మిట్టూ మళ్లీ పడకేసిందట. ఈసారి నేనే వాళ్లింటికి వెళ్లాను. చిలక ఈకలు ఉబ్బించుకుని, మెడ రెక్కలోకి ముడుచుకుని, పుల్ల మీద నిలవలేక పంజరం అడుగున కూర్చుంది. రెట్ట నీళ్లలా, నీలం కలిసిన రంగులో ఉంది. నేను గడప దాటినా "కౌన్ హై" లేదు. ముందురోజు కుక్క వచ్చి రొట్టెల గిన్నె ఖాళీ చేసి పోయినా తనకు తెలియలేదని బీబమ్మ చెప్పింది. ఆ ఎండల్లో తలుపు వేసుకుని, గొళ్లెం పెట్టుకుని లోపలే కూర్చుంటోంది.

నేను మొట్టమొదట చూసింది నీళ్ల గిన్నెనే. అద్దంలా ఉంది. లోపలా బయటా ఒకే మెరుపు. వేలు పెట్టి రుద్దితే ఇల్లంతా వినబడేలా కిర్రుమంది. "ఇదీ శుభ్రత అంటే!" అని బీబమ్మను మెచ్చుకున్నాను. నీళ్లలో తప్పు లేదు కాబట్టి ఇది పేగుల జబ్బేనని తేల్చి, టెట్రాసైక్లిన్ పొడి చిటికెడు ఆ నీళ్లలోనే కలిపి తాగించమన్నాను. తోమడం మాత్రం ఆపవద్దని మరీ మరీ చెప్పాను.

నాలుగు రోజులైనా గుణం లేదు. ఇంకా నీరసించింది. అంతలో నాకు ఎమ్మిగనూరు వైపు పల్లెల్లో టీకాల పని పడింది. వానలకు ముందు పశువులకు గొంతువాపు టీకాలు వెయ్యడం మాకు ఏటా ఉండే పని. బయలుదేరే ముందు చూడబోతే బీబమ్మ ఒకే మాట అడిగింది. "మావాడు నేతగాళ్ల వీధిలో ఉంటాడు సారూ. మిట్టూ పోయేలాగుండాది, ఒకసారి వచ్చి చూసుకోమని చెప్పప్పా." అలాగే చెబుతానని బస్సెక్కాను.

మధ్యాహ్నానికి టీకాలు అయిపోయాయి. నేతగాళ్ల వీధిలో మస్తాన్‌ను పట్టుకోవడం కష్టం కాలేదు. ఒక పెళ్లింటి ముందు నేలలో గుంట తవ్వి, బొగ్గులు రాజేసి, తోలు తిత్తితో గాలి కొడుతూ కూర్చున్నాడు. చుట్టూ గుండిగలు, తపేలాలు. అతను ఇత్తడి పాత్రల లోపల తగరం పూత పూసే మనిషని, కళాయి వేసేవాడని అప్పుడే తెలిసింది నాకు. రెండు నెలలుగా ఆ ఇంటికి వైద్యం చేస్తున్నా, కొడుకు చేసే పని ఏమిటని ఒక్కసారైనా అడిగినవాణ్ణి కాను.

సంగతి చెప్పాను. అతని ముఖం వాడిపోయింది. "నీళ్లు మార్చకుండా పెట్టింటారు సార్" అన్నాడు. నా పౌరుషానికి దెబ్బ తగిలింది. నీళ్లు పూటకోసారి మారుస్తున్నారనీ, గిన్నెను చింతపండు, ఇటుకపొడితో నేనే దగ్గరుండి తోమించినట్టు తోముతున్నారనీ, బయటే కాదు లోపల కూడా బంగారంలా మెరుస్తోందనీ గర్వంగా చెప్పాను.

తిత్తి ఆగిపోయింది.

"లోపల బంగారు రంగుండాదా సార్? తెల్లగా లేదా?"

లేదన్నాను.

"అయ్యో, నా చేత్తో కళాయి పెట్టిన గిన్నె సార్ అది! లోపల ఎండి మాదిరి తెల్లగుండల్ల. బంగారు రంగు కనపడిందంటే కళాయి అంతా పోయినట్టు. ఉత్త ఇత్తట్లో పులుపు పడితే కిలుము కక్కుతాది. ఆ నీళ్లు తాగితే మనిషే వాంతి చేసుకుంటాడు, చిలకెంత సార్!"

అతని ముందున్న గుండిగ సగం పని అయి ఉంది. కాల్చిన ఇత్తడి మీద నవాసారం చల్లి, తగరం కరిగించి, దూది ఉండతో రుద్దుతూ వస్తున్నాడు. అయిన సగం తెల్లగా, కాని సగం పసుపు రంగులో ఉంది. చూస్తూ నిలబడ్డాను. అన్నీ ఒకదాని వెంట ఒకటి అర్థమయ్యాయి. చిలక ప్రతి ముక్కనూ నీళ్లలో ముంచి తింటుంది. ఆ నెలల్లో అది తినేది పచ్చిమామిడి. దాని మీద నేను కలిపించిన మందు పొడి కూడా నీళ్లకు పులుపెక్కించేదే. ఇత్తడిలో ఎక్కువ పాలు రాగే. గొర్రెలకు రాగి విషమెలా ఎక్కుతుందో పరీక్షలో నాలుగు పేజీలు రాసి మార్కులు కొట్టినవాణ్ణి నేను. బీబమ్మకు చూపు లేదు కాబట్టి తెలుపు పోయి పసుపు వచ్చిన సంగతి ఆమెకు తెలియదు. నాకు రెండు కళ్లూ ఉన్నాయి. ఆ పసుపును చూసి మెచ్చుకున్నాను కూడా. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

మస్తాన్ మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. పెళ్లివాళ్లు సాయంత్రం వంటకు గుండిగలు కావాలని కూర్చున్నారు. వాటిని సగంలో వదిలి రాలేడు. "మీరు ముందు బస్సుకు పోండి సార్. ఆ గిన్నె తీసేసి మట్టి మూకుడులో నీళ్లు పెట్టండి. ఈ రెండు గుండిగలు దించి వచ్చేస్తా" అన్నాడు. డాక్టరుకు కళాయి మనిషి మందు చెప్పాడు. ఆ మందు చీటీ మనసులో పెట్టుకుని బస్టాండుకు దాదాపు పరిగెత్తాను.

గంట ప్రయాణం. నేను చేరేసరికి మిట్టూ ఇంకా ఊపిరితో ఉంది. గిన్నె విప్పి వెలుతురులో పెట్టి చూశాను. లోపలి అంచు మడత కింద సన్నగా నీలిపచ్చ గీత. తోమే చెయ్యి అందని చోట కిలుము దాక్కుని ఉంది. పక్కింటివాళ్ల దగ్గర కొత్త మూకుడు తెచ్చి, నీళ్లలో కొంచెం గ్లూకోజు కలిపి పెట్టాను. తర్వాత బీబమ్మ ఎదుట కూర్చుని, తప్పు నాదేనని చెప్పాను.

ఆమె చెయ్యి చాచి గిన్నె అందుకుని లోపల వేలితో తడిమింది. "నేను ఆ పొద్దే అంటి కదప్పా, మావాడు తిడతాడని" అంది మెల్లగా. "కళాయి వేసేవాళ్ల ఇల్లు మాది. చింతపండు పెడితే పోతాదని నాకు తెల్దా? సర్కారు డాక్టరు చెప్పినాడు కదా, చిలకలకు వేరే లెక్క ఉంటాదేమో అనుకుంటి."

ఆ జవాబు తిట్టు కన్నా గట్టిగా తగిలింది.

దీపాలు పెట్టే వేళకు మస్తాన్ వచ్చాడు. గిన్నెను అటూ ఇటూ తిప్పి చూసి, ఇంత ఓపిగ్గా తోమినవాళ్లను తన జన్మలో చూడలేదన్నాడు. తల్లి వెంటనే "డాక్టరు తన పేరు చెప్పమన్నాడురా" అంది. అతను నవ్వేశాడు. నేను కూడా నవ్వాను గానీ, పంజరం అడుగున మిట్టూ కదలడం లేదు.

ఆ విషానికి విరుగుడు మందేదీ మా ఆసుపత్రిలో లేదు. మంచినీళ్లు, మెత్తని తిండి, ఎదురుచూపు. రోజూ ఆసుపత్రి తెరిచే ముందు వాళ్లింటికి వెళ్లి మూకుడు నేనే కడిగేవాణ్ణి. మూడో రోజు ఒక వేరుశనగ గింజ కొరికింది. అయిదో రోజు పుల్ల ఎక్కింది. ఆరో రోజు నేను అక్కడుండగానే ఒక మేకపిల్ల గడప దాటింది. పంజరంలోంచి బొంగురు గొంతుతో "కౌన్ హై?" అని వినబడింది. బీబమ్మ లేచి కర్ర అందుకుని, మేకను తోలి, ఆ తలుపును బార్లా తెరిచిపెట్టింది. అంత సంతోషం నాకు ఎన్ని ఎద్దులు లేచి నిలబడ్డా కలగలేదు.

రిజిస్టరులో రోగ నిర్ధారణ కింద 'కళాయి పోయిన ఇత్తడి పాత్ర వల్ల విషం' అని రాశాను. తనిఖీకి వచ్చిన సహాయ సంచాలకులు, అంటే మా పైఅధికారి, ఆ వరుస దగ్గర వేలు ఆపి, ప్రయోగశాల నివేదిక ఏదని అడిగారు. లేదన్నాను. మరి ఎవరు నిర్ధారించారని అడిగారు. ఎమ్మిగనూరులో ఒక కళాయి మనిషి, చిలకను చూడకుండానే, అన్నాను. ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, పేజీ తిప్పేశారు. వెళ్లేటప్పుడు జీపు దగ్గర ఆగి, తమ ఇంట్లో గుండిగలకూ కళాయి పోయిందనీ, ఆ మనిషిని పంపగలనా అనీ అడిగారు.

మస్తాన్ ఆ గిన్నెకు మళ్లీ కళాయి వేశాడు. వారానికోసారి వేలితో కాక కళ్లతో చూడమని భార్యకు చెప్పాడు. రోజూ ఉత్త నీళ్లతో మెత్తని గుడ్డ పెట్టి కడిగితే చాలునన్నాడు. మామిడి ముక్క పెట్టిన పూట మాత్రం మూకుడే.

మరో రెండేళ్లు నేను ఆదోనిలోనే ఉన్నాను. సాయంత్రాలు ఆ వీధిన పోయినప్పుడల్లా బీబమ్మను పలకరించేవాణ్ణి. లోకంలో అందరినీ "కౌన్ హై" అని నిలదీసే మిట్టూ, నా గొంతు వినగానే మాత్రం మెడ చాచి "కిర్రు" మనేది. పొద్దూ మాపూ నెలన్నర పాటు విన్న చప్పుడు మరి. వెంటనే బీబమ్మ లోపలికి కేకేసేది: "డాక్టరు సారు వచ్చినాడు, కుర్చీ ఎయ్యండి!"

ఆ తర్వాత సర్వీసంతా, నీళ్లు శుభ్రంగా ఉన్నాయా అని అడిగే ముందు అవి ఏ పాత్రలో ఉన్నాయో చూశాను. రోగిని తెచ్చినవాళ్లు నా మాట దగ్గర నసిగితే, చీటీ రాయడం ఆపి ఎందుకని అడిగాను.