తోటకూర తిన్న ఊపిరి

తొలకరి పడి పత్తి గింజలు పెడుతున్న రోజులు. కోడలు చేను వదిలి రాలేనన్నది. అందుకని మనవరాలు శిరీషను మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయే పని నా మీద పడింది. పిల్లకు పుట్టినప్పటి నుంచీ ఆయాసం. చలికాలంలో మొదటిసారి ఆమె ఊపిరిని మిషన్‌తో కొలిస్తే యాభై ఎనిమిది వచ్చిందట. రోజూ నోటితో పీల్చే మందు పంపు రాశారు. ఇప్పుడు గురుకులంలో సీటొచ్చింది. హాస్టల్‌కు పంపాలా వద్దా అన్నది ఈసారి వచ్చే అంకెను బట్టి చెప్తామన్నారు.

పొద్దున ఆరు గంటలకు అమ్రాబాద్‌లో బస్సెక్కాము. ఆధార్ కార్డులు చూపిస్తే ఆడవాళ్ళమని ఇద్దరికీ పైసా లేని సున్నా టికెట్లు ఇచ్చారు. వెళ్ళేవాళ్ళు కార్డు మరవకండి. మన్ననూరు ఘాటు దిగి, అచ్చంపేటలో బస్సు మారాము. పక్క సీటులో కూరగాయల గంపతో ఉన్న ఒకామె ఎక్కడికని అడిగింది. చెప్పాను.

"గాలిని కొలుస్తరా? గాలికి కొలతేంది పెద్దమ్మా, పాలా, నూనెనా?" అని నవ్వింది.

"పోయి చూస్తెనే తెలుస్తది" అన్నాను. నిజానికి నాకూ నమ్మకం లేదు.

పరీక్షకు గంట ముందు ఏమీ పెట్టవద్దని కోడలు గట్టిగా చెప్పింది. నేను ఇంకా ముందే, తొమ్మిది గంటలకు నాగర్‌కర్నూల్ బస్టాండులో మూట విప్పాను. జొన్నరొట్టెలు, దొడ్లో కోసిన తోటకూర. ఇంట్లో కూర ఉండగా హోటల్ తిండి కొనడం నాకు చేతకాదు. శిరీష కూర మళ్ళీ అడిగి వేయించుకున్నది.

పదకొండుకు మహబూబ్‌నగర్ చేరాము. మిషన్ అంటే ఎంత పెద్దదో అనుకున్నాను. మా ఇంట్లో పోపుల డబ్బా అంత ఉన్నది. దానికో గొట్టం, ముందర చిన్న తెర. తెర మీద బెలూన్ లాంటి బుగ్గ ఒకటి తేలుతుంది. ఊదుతున్నంత సేపూ అది రెండు గీతల నడుమనే నిలవాలి. శిరీష బలంగా ఊదింది. బుగ్గ పైకి ఎగిరిపోయింది.

"పొయ్యి ఊదినట్టు ఊదకు బిడ్డా, జర మెల్లగ" అన్నది పరీక్ష చేసే అమ్మాయి.

రెండోసారి బుగ్గ నిలిచింది. అంకె వచ్చింది, నలభై ఒకటి.

డాక్టరమ్మ చెవులకు గొట్టం తగిలించుకుని, పిల్ల వీపు మీద ఆనించి చాలాసేపు విన్నది. "పిల్లికూతలు లేవు, దగ్గు లేదు. అంకె మాత్రం ఇంక ఎక్కువనే ఉన్నది, ఇరవై లోపలికి రావాలె" అన్నది. ఊపిరి గొట్టాల లోపల వాపు ఉంటే ఒక వాయువు ఎక్కువ పుడుతుందని, దాని పేరు నైట్రిక్ ఆక్సైడని చెప్పింది. వంద కోట్ల పాళ్ళ గాలిలో అది ఎన్ని పాళ్ళున్నదో ఆ డబ్బా లెక్కగడుతుందట. నేను చదివింది మూడో తరగతి. వంద కోట్లు నా ఊహకు అందలేదు.

"గిట్లుంటె హాస్టల్ వద్దనే చెప్త పెద్దమ్మా."

శిరీష తల వంచుకున్నది. డాక్టరమ్మ ఆమె గడ్డం పట్టుకుని అడిగింది. "పొద్దున ఏం తిన్నవ్?"

"తోటకూర. శాన తిన్న."

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి ఒరిగి నవ్వింది. ఆకుకూరల్లో ఉండే ఒక ఉప్పు వల్ల కొన్ని గంటల దాకా ఆ వాయువు పెరుగుతుందట. "ఇయ్యాల ఆకుకూర పెట్టకు. రేపు పొద్దుగాల పరిగడుపున ఊదిద్దాం" అన్నది.

మా దొడ్లో కూర పిల్ల కడుపులో పడి, ఊపిరిలో కలిసి బయటికి వస్తే ఆ డబ్బా పట్టేసింది.

ఆ రాత్రి దవాఖాన వెనుక రోగుల మనుషులుండే హాలులో పడుకున్నాము. కిరాయి లేదు, నీళ్ళున్నాయి, దుప్పటి మనమే తెచ్చుకోవాలి. పిల్లకు దవాఖానలో పంచే పెరుగన్నం పెట్టాను. మిగిలిన తోటకూర నేను తిన్నాను.

తెల్లవారి ఎనిమిదికి శిరీష మళ్ళీ ఊదింది. బుగ్గ కదలకుండా నిలిచింది. నేను నా ఊపిరి బిగబట్టాను. పద్దెనిమిది.

"పీల్చే మందు మంచిగ పనిచేస్తున్నది. హాస్టల్‌కు పంపు పెద్దమ్మా. పొద్దున, మాపున పీల్చుడు మాత్రం ఆపొద్దు" అన్నది డాక్టరమ్మ.

బస్టాండులో ఇడ్లీ కొన్నాను. శిరీష ఇడ్లీని, నన్ను మార్చి మార్చి చూసింది. "నువ్వేనా అవ్వా కొన్నది?"

"తిను, మాటలెక్కువైనయ్" అన్నాను.

బస్సు మన్ననూరు ఘాటు ఎక్కుతుంటే పిల్ల నా భుజం మీద నిద్రపోయింది. పదేళ్ళుగా రాత్రిళ్ళు ఆ ఊపిరి చప్పుడు వింటూనే పడుకున్నాను. కూత మొదలైతే ముందు లేచేది నేనే. హాస్టల్‌లో ఎవరు వింటారన్నదే నా ఫికర్. చెవికి వినపడనిది కూడా వినే డబ్బా ఒకటున్నదని ఇప్పుడు కళ్ళారా చూశాను. అడవి దాటేదాకా చెవి అటే పెట్టి కూర్చున్నాను. ఏ చప్పుడూ లేదు. ఇంటికి పోగానే హాస్టల్‌కు పంపడానికి ట్రంకుపెట్టె దులపాలనుకున్నాను.