మా గ్యాలరీలో ఆమె ఫొటోలు

నేను భద్రాచలంలో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పే రోజుల్లో, ఫొటోలు పెట్టుకునే వెబ్‌సైట్ ఒకటి సొంతంగా తయారు చేశాను. ఎవరో చేసిపెట్టినదాన్ని తెచ్చుకోలేదు. ఖమ్మంలో పాత పుస్తకాల కొట్టులో దొరికిన ప్రోగ్రామింగ్ పుస్తకం ఒడిలో పెట్టుకుని ఒక్కో పేజీ నేనే రాశాను. ఫొటో ఎక్కిస్తే దానంతటదే చిన్నదైపోయి వరుసలో కూర్చునేది. దాని మీద నొక్కితే పెద్ద ఫొటో తెరుచుకునేది. కింద ఎవరైనా నాలుగు మాటలు రాయొచ్చు. ఎంతమంది చూశారో చెప్పే అంకె పక్కనే ఉండేది. ఎక్కువమంది చూసిన ఫొటోలు వాటంతటవే మొదటి పేజీలోకి వచ్చేలా చేయగలిగిన రోజు నాకు అన్నం కూడా గుర్తురాలేదు.

మొదట్లో అందులో ఉన్నవన్నీ నా ఫొటోలే. గోదావరి మీద పొద్దు పొడవడం, బూర్గంపాడు వైపు నుంచి కనిపించే ఏరు, పర్ణశాల రేవులో కట్టేసిన పడవలు, వాన వెలిశాక అడవి. ఉద్యోగాల కోసం పట్నాలకు వెళ్లిన మా ప్రాంతం వాళ్లు చూసి, "బాగుంది", "ఊరు గుర్తొచ్చింది" అని రాసేవాళ్లు. ఆ రెండు ముక్కల కోసం నేను విద్యార్థులకు టైపింగ్ అప్పగించి మూల కంప్యూటర్ దగ్గరికి చేరేవాణ్ణి. ఫోన్ లైన్ మీద నడిచే ఇంటర్నెట్ అది. ఫొటో పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా దిగేది. అది నా ఫొటోనే అయినా, నేనే మొదటిసారి చూస్తున్నట్టు ఎదురుచూసేవాణ్ణి.

నా భార్య అడవిలోపలి ఊళ్లో ఆశ్రమ పాఠశాల టీచరు. రోజూ పొద్దున బస్సులో వెళ్లి సాయంత్రం వచ్చేది. అక్కడి కోయ పిల్లలతో వాళ్ల భాషలోనే మాట్లాడేది. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి మెట్లు దిగుతూ నన్ను అడిగింది.

"రేపు కెమెరా నేను తీస్కపోత. పిల్లలవి తీస్త."

"నీకు వస్తదా తీసుడు?"

"నొక్కుడే గదా. గండ్ల ఏమున్నది?"

సాయంత్రం తెచ్చిన ఫొటోలు చూస్తే నాకు అన్నీ తప్పులే కనిపించాయి. ఒకటి పక్కకు ఒరిగింది. ఇంకోదాంట్లో ఎవరిదో చెయ్యి సగానికి తెగింది. ఒక పిల్ల ఇంకో పిల్లకు జడ వేస్తూ నాలుక బయటపెట్టి ఉంది. ఎడ్ల పక్కన గడ్డిలో నిద్రపోతున్న ముసలాయన ఉన్నాడు. ఆమె ముచ్చట పడింది కదా అని, వేరే ఆల్బమ్ చేసి వాటిని ఎక్కించాను. ఏదో మేలు చేస్తున్నట్టే ఎక్కించాను.

వారం తిరక్కుండా మొదటి పేజీ అంతా ఆమె ఫొటోలే అయ్యాయి. నా గోదావరి రెండో పేజీకి, ఆ తర్వాత మూడో పేజీకి జరిగిపోయింది. కింద రాసేవాళ్ల తీరు కూడా మారింది. "ఎవరండీ తీసింది?" అని అడిగేవాళ్లు. జడ వేస్తున్న పిల్లను చూసి ఒకావిడ తన అక్క గురించి ఇంత పొడుగున రాసింది. నా ఫొటో కింద అంత పొడుగు మాట ఎవరూ రాయలేదు.

భోంచేసేటప్పుడు అవన్నీ ఆమెకు చదివి వినిపించాను.

"గట్ల రాసిన్రా?" అని నవ్వి, పప్పు గిన్నె నా వైపు జరిపింది. అంతే. ఆ తర్వాత బడిలో పప్పు బియ్యం సరిగా రాని సంగతి ఎత్తుకుంది. నేను కోరుకున్నది ఆమెకు అడగకుండానే దొరికింది. దొరికినట్టు కూడా ఆమెకు పట్టలేదు.

నా మొహం చూసిందో ఏమో, కొన్నాళ్ల తర్వాత తనే అంది.

"మీవి ముందట పెట్టుకోరాదూ? సైటు మీదే గదా."

"నేను పెట్టేది కాదు. జనం చూసినదాన్ని బట్టి అదే వస్తది."

"అయితే గా లెక్క మార్చున్రి."

ఆమె మంచి మనసుతోనే అంది. నాకు మాత్రం చిల్లర విసిరినట్టు తగిలింది. లెక్క మార్చలేదు. పంతం పట్టాను.

ఇప్పపూలు రాలే కాలంలో, ఊళ్లో స్టూడియో నడిపే స్నేహితుడి దగ్గర పెద్ద కెమెరా తీసుకుని ఆమె వెంట ఆ ఊరికి బయల్దేరాను. చెట్ల కింద ఆడవాళ్లు వంగి పూలు ఏరుతున్నారు. వెలుతురు నాకు కావలసినట్టే ఉంది. నేను కెమెరా ఎత్తానో లేదో, అందరూ లేచి కొంగులు సర్దుకుని చేతులు కిందికి వదిలి నిలబడ్డారు. పిల్లలు వరుస కట్టారు. ఒక ముసలామె నన్ను చూపిస్తూ నా భార్యతో కోయలో ఏదో అంది. ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు.

"ఏమంటాంది?" అని అడిగాను.

"గీ సారు సర్వే చేయనీకి వచ్చిండా అని అడుగుతాంది."

నేను ఆ వరుసను తీస్తూ ఉండగానే నా భార్య చెప్పులు విడిచి, వాళ్ల మధ్య కూర్చుని పూలు ఏరడం మొదలుపెట్టింది. చాలాసేపు కెమెరా ముట్టలేదు. మా చిన్న కెమెరా ఆమె ఒళ్లో పూల పక్కన పడి ఉంది. ఎప్పుడు తీసిందో నేను గమనించనేలేదు. ఇంటికి వచ్చాక చూస్తే, ఆ ముసలామె గంప మీద చెయ్యి వేసి, ఎవరి మాటకో తల వెనక్కి వాల్చి నవ్వుతోంది. మా గ్యాలరీ ఉన్నన్నాళ్లూ ఎక్కువమంది చూసిన ఫొటో అదే.

ఆ వానాకాలం మొదట్లో ఒకాయన దవాఖానా పని మీద భద్రాచలం వచ్చి, దారి అడుగుతూ అడుగుతూ శిక్షణ కేంద్రానికి వచ్చాడు. నా భార్య బడిలో చదివే ఒక పిల్ల తండ్రి.

"టీచరమ్మ తీసిన ఫొటో గీడ కనవడ్తదట గదా సారూ?"

కుర్చీ వేసి కూర్చోబెట్టాను. జడ వేస్తున్న పిల్లే ఆయన కూతురు. ఫొటో మెల్లగా దిగుతుంటే ఆయన ముందుకు వంగాడు. నుదురు వచ్చింది, కళ్లు వచ్చాయి, నాలుక దగ్గరికి వచ్చేసరికి గట్టిగా నవ్వాడు.

"గిది అందరికి కనవడ్తదా?"

"అవ్. పట్నంల ఉన్నోళ్లు కూడా చూస్తరు."

"టీచరమ్మ మంచిగ చేసింది."

"ఈ సైటు నేనే చేసిన," అన్నాను. ఆపుకోలేకపోయాను.

"అవ్ సారూ," అన్నాడు మర్యాదగా. కళ్లు మాత్రం తెర మీదనుంచి తిప్పలేదు.

ఆ చలికాలం ఖమ్మంలో ఒక కాలేజీ వాళ్లు ఆమె ఫొటోలు పెద్దవి చేయించి ఒక హాల్లో గోడలకు పెట్టారు. మా గ్యాలరీ చూసే పిలిచారు. చేతి సంచులు మోసుకుంటూ నేనూ వెళ్లాను. ఒక లెక్చరర్ నన్ను, "మీరేం చేస్తారండీ?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది. "ఈయన సైటు చెయ్యకపోతే ఇయి ఎవ్వరికి కనవడకపోతుండె సార్." ఆయన నా వైపు తల ఊపి, వెంటనే ముసలామె ఫొటో వైపు తిరిగి, "ఇది ఎక్కడ తీశారమ్మా?" అన్నాడు.

తిరుగు బస్సులో కొత్తగూడెం దాటినా నేను మాట్లాడలేదు.

"కోపమొచ్చిందా?" అంది.

"కోపం కాదు."

"మరేంది?"

"కుళ్లు. నీ మీద కుళ్లుకుంటున్న."

ఆమె నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. "తెల్సు," అంది. "మీరు ముందుగాల ఫొటో చూస్తరు, మల్ల అంకె చూస్తరు, మల్ల నా మొఖం చూస్తరు." నా వైపు తిరిగి మళ్లీ అంది. "నాకు లేదనుకున్నరా? మీ కంప్యూటర్ మీద నాకెంత కుళ్లో మీకేం ఎరుక? గా తెర దిక్కు చూసినట్టు నా దిక్కు ఎన్నడన్న గంతసేపు చూసిన్రా?"

కండక్టర్ టికెట్లు చూడటానికి వచ్చి వెళ్లాడు. ఆమె నా భుజానికి తల ఆనించి నిద్రపోయింది. నేను భద్రాచలం వంతెన వచ్చేదాకా కదలకుండా కూర్చున్నాను.

ఆ తర్వాత ఫొటోలు ఎక్కించేటప్పుడు ఆమె కుర్చీ నా పక్కన పడేది. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో ఇద్దరం కొట్లాడుకునేవాళ్లం. నా కుళ్లు పోలేదు. కానీ దాచుకునే పని తప్పింది. "ఇగో, మొఖం మాడింది" అని ఆమే ముందు చెప్పేసేది.

ఒకటి రెండేళ్లకు ఉచితంగా ఫొటోలు పెట్టుకునే పెద్ద సైట్లు వచ్చాయి. బడిలో తోటి టీచరు చూపిస్తే ఆమె అక్కడ ఖాతా తెరిచింది.

"గండ్ల జల్దీ ఎక్కుతున్నయి," అంది సాయంత్రం, కొంచెం భయంగా.

"నీ ఇష్టం," అన్నాను. అప్పటిదాకా ఆమె మీద ఉన్న మంట అంతా ఎక్కడో ఎవరో నడిపే ఆ సైటు మీదికి మళ్లింది. అది ఎంత బాగా చేశారో నాకు తెలుసు. అందుకే ఇంకా మండింది. చూసేవాళ్లు ఒక్కొక్కరే అటు వెళ్లిపోయారు. సర్వర్ గడువు అయిపోయినప్పుడు ఫొటోలన్నీ సీడీల మీదికి దించుకుని మా గ్యాలరీ మూసేశాను.

ఇప్పటికీ బంధువుల ఇళ్లల్లో ఎవరైనా ఆమె ఫొటోల సంగతి ఎత్తితే, నేను చేస్తున్న పని ఆపి వింటాను. వాటిని మొదట ఎక్కడ చూశారో చెప్తారేమోనని. చెప్పరు. ఆమె మాత్రం గదిలో ఆ చివరనుంచి నా మొహం వైపే చూస్తూ ఉంటుంది.