కారు కింద రెండు పళ్లేలు

పొద్దున కారు కింద తడి కనిపించింది. పెద్దదేమీ కాదు, అరచేతి మేర మరక. మే నెల చంద్రపూర్‌లో ఎనిమిది గంటలకే నేల చెప్పుల్లోంచి కాలుతుంది, అలాంటి నేల మీద తడి నిలిచిందంటే పైనుంచి ఇంకా కారుతోందన్నమాట. వంగి, వేలు అద్ది వాసన చూశాను. వాసనేమీ లేదు. అయినా నా ముక్కుకు మాత్రం పసుపు వాసన కొట్టింది. వేడి ఇనుము మీద ఉడికిన పసుపు వాసన. పదేళ్ల కిందటిది. అప్పటి కారు ఎప్పుడో పోయింది, ఇది వేరే కారు, ఇదీ పాతదే. ఎల్లుండి మా అమ్మాయిని నాగపూర్ తీసుకెళ్లాలి. చెయ్యి దానంతటదే బానెట్ మీదికి పోయింది. పోయినది పోయినట్టే ఆగింది కూడా. "థాంబ్ రే బాబా" అని దుర్గయ్య కాక వెనక నిలబడి అన్నట్టే అనిపించింది. మరాఠీలో ఆ మాటకు ఆగమని అర్థం. కాక నోట అది రోజుకు పదిసార్లు నా కోసమే వచ్చేది.

దుర్గయ్య కాక నాకు బంధువు కాడు. మంచిర్యాల వైపు నుంచి కుర్రతనంలోనే వచ్చి, పద్మాపూర్ బొగ్గు గనిలో డంపర్లు బాగుచేసే షెడ్డులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. కొడుకు నేను పనిచేసే థర్మల్ విద్యుత్ కేంద్రంలోనే ఉద్యోగి కావడంతో ఊర్జానగర్ క్వార్టర్లలో మా కింది వాటాలో ఉండేవాడు. తెల్లటి బనీను, మోకాళ్ల మీదికి మడిచిన లుంగీ, చెవి వెనక ఒక సుద్దముక్క. నేను కేంద్రంలో నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. బాయిలరులోకి పోయే నీళ్లలో చిటికెడు ఉప్పు ఉన్నా ఊరుకోను. ఉద్యోగంలో అంత నిదానం ఉన్న నేను, గేటు దాటానంటే వేరే మనిషిని. సిగ్నల్ దగ్గర స్టీరింగు మీద వేళ్లు వాయిస్తాను. పాలు కాగేదాకా నిలబడలేను. కాక దీన్ని మొదటి వారంలోనే పసిగట్టాడు.

పదేళ్ల కిందటి ఆ ఏడాది నా భార్య సరితకు ఎనిమిదో నెల. బీపీ పెరుగుతోందని, తలనొప్పి వచ్చినా కళ్లు మసకలు కమ్మినా ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా నాగపూర్ తీసుకెళ్లాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నాగపూర్ అంటే మూడు గంటల దారి. మా దగ్గరున్నది ఎవరో వాడి వదిలేసిన పాత కారు. సరిగ్గా ఆ రోజుల్లోనే దాని కింద నీళ్లు కారడం మొదలైంది. రంగు లేదు, జిగురు లేదు, మామూలు నీళ్లు. మెకానిక్ కిందికి తొంగి కూడా చూడకుండా "ఏసీ కా పానీ హై సాబ్" అన్నాడు. ఆఫీసులో అడిగితే వాళ్లూ ఏసీ నీళ్లేనన్నారు. కానీ రేడియేటరు పక్కన ఉండే సీసాలో నీళ్లు తగ్గుతున్నాయి. నేను పోస్తున్నాను, అవి తగ్గుతున్నాయి. ఊరికే ఉండలేక గొట్టాలు మార్పించాను, రేడియేటరు మూత మార్పించాను. తడి మాత్రం ఎక్కడిదక్కడే. సరిత వీపు కింద దిండు సర్దుకుంటే చాలు, నేను తాళాలు పట్టుకుని లేచేవాణ్ని.

మూడోసారి మెకానిక్ దగ్గరికి బయల్దేరుతుంటే కాక అడ్డం వచ్చాడు.

"ఏంది సారూ, మల్ల ఏం మార్పిస్తవ్?"

"వాటర్ పంపు చూపిస్త కాకా. లేకుంటే రేడియేటరే మార్పిస్త."

"థాంబ్. అది ఏడికెళ్లి కారుతుందో ఎరుకనా నీకు?"

తెలియదన్నాను.

"ఎరుక లేనిది ఎట్ల మారుస్తవ్ మరి? బండిని తర్వాత సూద్దాం. ముందుగాల నేలను సూడు."

చెవి వెనక సుద్దముక్క తీసి నాలుగు చక్రాల చుట్టూ నేల మీద గీత గీశాడు. కూలరు వచ్చిన అట్టపెట్టెను చింపి కారు కింద పరిచాడు. నన్ను ఏసీ వేసుకుని కాలనీ చుట్టూ తిరిగి వచ్చి, మళ్లీ అవే గీతల్లో నిలపమన్నాడు. అరగంట తర్వాత అట్ట లాగి చూస్తే తడి ఒక చోట కాదు, రెండు చోట్ల ఉంది. ఒకటి డాష్‌బోర్డు కింద, ఇంకొకటి ముందర కుడి చక్రం దగ్గర. మా కారు షెడ్డు నేల వాలుగా ఉండటంతో ఇన్నాళ్లూ రెండూ కలిసి ఒకే మడుగయ్యాయి.

కాక మా వంటింట్లోంచి రెండు స్టీలు పళ్లేలు తెమ్మని, ఒక్కో చుక్క కింద ఒక్కోటి పెట్టాడు. కాసిని నీళ్లు పడ్డాక రెంటినీ ఎండలో గోడ మీద ఉంచాడు. చంద్రపూర్ ఎండ కదా, ఎంతోసేపు పట్టలేదు. కానీ ఆ కాసేపట్లోనే నేను నాలుగుసార్లు లేచాను.

"చేతులు గులగుల అంటే తొడల కింద వెట్టుకొని కూసో" అన్నాడు కాక.

ఆరిన తర్వాత ఒక పళ్లెం కడిగినట్టు మెరిసింది. రెండో దానిలో తెల్లటి మరకలు గుండ్రంగా మిగిలాయి.

"గిది ఏసీది. గిది నీ బండిది. ఏం నీళ్లు పోస్తున్నవ్ లోపట?"

"ఏళ్ల కిందట కూలెంటు అయిపోయినప్పటి నుంచి మన బోరు నీళ్లే" అన్నాను.

కాక పళ్లేన్ని నా మొహం ముందుకు తెచ్చాడు. "గీ నీళ్లు మీ బాయిలర్ల పోస్తవా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిరి నీటికీ ఉప్పు నీటికీ తేడా కనిపెట్టడమే నా కొలువు. ఏసీ నీళ్లకు మరక మిగలదని నాకు కాక నేర్పాలా? ఏళ్ల తరబడి నా చేత్తోనే ఆ సున్నపు నీళ్లు పోసి, ఇంజన్ లోపల ఏదో తినేసేలా చేసుకున్నాను.

ఎక్కడ కారుతోందో ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాక, తుడిచి ఆరబెట్టి చూడాలన్నాడు కాక. వేడి మీద నీళ్లు దారిలోనే ఆవిరైపోతాయట. "రేపు పొద్దున సూద్దాం. అప్పటిదాంక ముట్టకు."

ముట్టకుండా ఉంటే నేనెందుకవుతాను! ఆ సాయంత్రం సరిత కాళ్ల వాపు చూశాక నాకు కాలు నిలవలేదు. బొగ్గు లారీ డ్రైవర్లు దారిలో రేడియేటరు కారితే పసుపు పోసి నడిపేస్తారని టీ కొట్టు దగ్గర విన్న మాట గుర్తొచ్చింది. వంటింట్లోకి వెళ్లి పసుపు డబ్బా తెచ్చి, సగం రేడియేటరులో కుమ్మరించి, ఇంజన్ నడిపాను. ఉడికిన పసుపు, వేడి ఇనుము కలిసి ఒక వాసన వచ్చింది. చుక్క ఆగింది కూడా. ఎంత గర్వపడ్డానో!

పొద్దున కాక వచ్చి రేడియేటరు మూత తిప్పాడు. వేలు పెట్టి పచ్చటి ముద్ద బయటికి తీశాడు.

"కూర మంచిగ ఉడికిందా?" అన్నాడు. తిట్టలేదు.

పంపు కిందనున్న చిన్న రంధ్రం నుంచి పచ్చటి చార దిగి ఉంది. అంటే కారే చోటు దొరికింది. కానీ మామూలుగా తుడిచి చూసినా అది దొరికేదే. పసుపు ముద్ద మాత్రం అప్పటికే సున్నం పట్టి సన్నబడిన గొట్టాల్లోకి పోయి కూర్చుంది. ఇలా నాగపూర్ బయల్దేరితే దారిలో భద్రావతి ఊరు దాటకముందే ఇంజన్ పట్టేస్తుందని, రేడియేటరు విప్పి కడగక తప్పదని కాక అన్నాడు. పదింటికల్లా రేడియేటరు నేల మీద ఉంది.

ఒంటిగంటకు సరిత మెట్ల మీద కనిపించింది. తల పగిలిపోతోందని, ఎదురుగా ఉన్న గోడ సరిగ్గా కనబడటం లేదని చెప్పింది.

అంబులెన్సుకు ఫోను చేస్తే గంటన్నర అన్నారు. కాక డెబ్భై ఏళ్ల వయసులో ఆ ఎండలో గేటు దాకా పరుగెత్తాడు. గనిలో తనతో పనిచేసినాయన కొడుక్కి జీపు ఉంది, అతన్ని పిలిపించాడు. జీపు రావడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ నేను గేటుకూ మెట్లకూ మధ్య తిరుగుతూనే ఉన్నాను. నా కారు అక్కడే, కడుపు తెరుచుకుని పడి ఉంది. సరిత దాని వైపు చూసి, "నిన్నటిదాక నడిచింది గదా, ఇయ్యాల్నే ఎందుకిప్పిండ్రు?" అంది.

"నేనే ఇప్పిన బిడ్డా" అన్నాడు కాక. "తప్పు నాదే. నువ్వు మాట్లాడకు, కండ్లు మూసుకో."

జీపులో ముందు సీట్లో కాకే కూర్చున్నాడు. దారిపొడవునా సరిత నోటి నుంచి మాట రాకపోతే ఆయనే వెనక్కి తిరిగి పేరు పెట్టి పిలిచాడు. ఆ సాయంత్రం ఆపరేషన్ చేసి పాపను తీశారు. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదని అక్కడి డాక్టరమ్మ చెప్పినప్పుడు కాక తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. నేను నిజం చెప్పడానికి నోరు తెరిచాను, చెప్పలేకపోయాను. తర్వాత వారం రోజులు కాక కారు పక్కన కూర్చుని నా చేతే ఆ పంపు మార్పించాడు. పసుపు మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. మూడేళ్ల కిందట కాక పోయాడు. ఆ తప్పు ఆయన పేరు మీదే ఉండిపోయిందన్న బాధ నన్ను ఒక్కనాడూ వదలలేదు.

ఇవాళ చక్రాల చుట్టూ సుద్దతో గీత గీసి, అట్ట పరిచి చూసి, రెండు చోట్లా తడి ఉంటే రెండు పళ్లేలు పట్టి గోడ మీద ఎండకు పెట్టాను. మిరపకాయలు ఎండబెట్టడానికి వచ్చిన సరిత వాటిని చూసి ఆగింది.

"పసుపు డబ్బా దాచిపెట్టాల్నా?" అంది.

ఆమె వైపు తిరిగాను. "నీకు తెలుసా?"

"సగం డబ్బా ఒక్కరాత్రిల ఖాళీ అయితే నాకు తెల్వదా? ఇంటికొచ్చిన నాడే కాకను అడిగిన."

"ఏమన్నడు?"

"'భయంల జేసిండు బిడ్డా, నువ్వైతే వాన్ని అడుగకు. వానికి ఆగుడు రాదు, నేను నేర్పుత' అన్నడు."

మిరపకాయలు పరుచుకుంటూ కూర్చుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి ఎటైనా నడవాలనిపించింది, బానెట్ ఎత్తాలనిపించింది. గోడ మీద పళ్లేలు ఇంకా ఆరలేదు. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.