చేప ముట్టని ముద్ద

అవ్వ నన్ను నల్ల నువ్వులు అడిగినప్పుడే నాకు అనుమానం వచ్చింది. తెల్లవి అడిగితే ఉండలకో అరిసెలకో అనుకునేదాన్ని. నల్లవి, అదీ గుప్పెడే, అదీ తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించి అడిగితే, ఎందుకో గ్రహించలేనిది తెలుగింటి ఆడదే కాదు.

"ఉన్నాయా నీకాడ? ఇక్కడ షాపులో అడిగితే మా పెద్దోడికి సెప్పేస్తారు," అంది.

మెరీబ్యాంక్‌లో ఆవిడ ఇంటి వెనక వాటాలో మేం అద్దెకుండేవాళ్ళం. ఆ దేశంలో తెల్లా నల్లా అందరూ మొదటిసారి ఒకే వరసలో నిలబడి ఓట్లేసిన మరుసటేడు మా ఆయనకి డర్బన్‌లో ఇంజనీరు ఉద్యోగం వచ్చింది. రాజమండ్రి నుంచి నేనూ, మా పాపా ఆయన వెనకాల వెళ్ళాం. ఇంటికి దగ్గర్లోనే చమురు శుద్ధి చేసే పొగగొట్టాలు. కిటికీ తెరిస్తే కంపు, మూస్తే ఉక్క. ఆరేసిన చీరలు సాయంత్రానికి ఆ వాసనే కొట్టేవి. ఈ భాగ్యానికేనా సముద్రాలు దాటించావని మా ఆయన్ని రోజూ సాధించేదాన్ని.

అక్కడ నన్ను నిలబెట్టింది అవ్వ తెలుగే. చెరుకు తోటల కూలికి వచ్చిన ఆవిడ తాతలతో పాటు ఓడ దిగిన తెలుగది. అందులో సగం ఇంగ్లీషు కలిసింది, నాలుగు జులూ మాటలు చేరాయి, క్రియలు ఎక్కడికక్కడ విరిగిపోయాయి. అయినా ఆవిడ "ఓలమ్మో" అందంటే శ్రీకాకుళం సంతలో నిలబడ్డట్టుండేది. ఆ ఇంట్లో ఆవిడతో తెలుగు మాట్లాడేది నేనొక్కదాన్నే. కొడుక్కి అర్థమయ్యేది గాని నోట పలికేవాడు కాదు. అది పాత దేవుళ్ళ భాష అని అతని లెక్క.

అవ్వకి ఇద్దరు కొడుకులు. చలికాలంలో ఆ తీరానికి సార్డీన్ చేపలు తండోపతండాలుగా వస్తాయి. వల ఉన్న ప్రతివాడూ నీళ్ళల్లోకి దిగుతాడు. ఆ చేపల వెనకాలే సొరచేపలూ వస్తాయి. అలాంటి ఒక పొద్దున్న అన్నదమ్ములిద్దరూ ఎక్కిన పడవ తిరగబడింది. పెద్దవాడు ఈదుకుంటూ ఒడ్డెక్కాడు. చిన్నవాడు దొరకలేదు. చొక్కా గుండీ కూడా దొరకలేదు.

మనిషి కనబడకుండా పోతే పుష్కరకాలం ఎదురుచూసి, అప్పుడు దర్భలతో బొమ్మ చేసి దహనం చెయ్యాలని మన రివాజు. దాన్ని వాళ్ళు ఓడలో తెచ్చుకుని దాచుకున్నారు. శవాన్ని చూడకుండా ముందే కర్మ చేస్తే మన చేత్తో మనం చంపినట్టేనని తండ్రి పట్టుబట్టాడట. పుష్కరం నిండకుండానే ఆయన పోయాడు. ఆ తర్వాత పెద్దవాడు చర్చిలో చేరాడు. చేరాకే రాత్రుళ్ళు కన్ను మూతపడుతోందని నాతో ఒకసారి అన్నాడు. అందుకు అతన్ని నేను తప్పు పట్టను. కానీ గోడల మీది పటాలన్నీ దించి, తల్లి దీపపు కుందుల్ని కూడా పాతసామానుల వాడికిచ్చేశాడే, అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

పడవ తిరగబడిన రోజు నుంచి అవ్వ చేప ముట్టలేదు. "ఏ చేప ఏటి తిన్నాదో ఎవులికి ఎరిక," అంది నాతో, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, పక్కింటి సంగతి చెప్పినట్టు.

ఆ చలికాలానికి పుష్కరం నిండింది. అదే వారం, వచ్చే ఆదివారమే, అవ్వకి బాప్తిస్మం. కొడుకు ఏళ్ళ తరబడి బతిమాలితే ఒప్పుకుంది. కొడుకు తిండి తింటున్నప్పుడు కొడుకు దేవుణ్ణే మొక్కాలని ఆవిడ న్యాయం. బాప్తిస్మం తీసుకున్నాక పాత పూజలేవీ చెయ్యనని మాట కూడా ఇచ్చేసింది. మాట ఇస్తే ప్రాణం పోయినా తప్పే మనిషి కాదు.

"అందుకే ముందే చిన్నోడికింత కూడు పెట్టెయ్యాల," అంది. "అప్పటికాడ్నించి ఆకలితోనే ఉన్నాడు, అమ్మీ."

"నాకివ్వు అవ్వా. నేను పట్టుకెళ్ళి సముద్రంలో కలిపేస్తాను."

"ఐకోనా, కుదర్దు! నువ్వు బైటిదానివి. రగతం ఉండాల."

ఆవిణ్ణి సముద్రం దగ్గరికి కొడుకు పోనివ్వడు. చిన్నవాడు పోయిన కొత్తలో చీరతో సహా అలల్లోకి నడిచి వెళ్ళిపోయిందట. ఎవరో జుట్టు పట్టుకుని ఒడ్డుకి లాగారు. అందుకే బాప్తిస్మానికి కూడా చర్చిలోనే సిమెంటు తొట్టి నింపిస్తున్నాడు. మరి ముద్ద ఎక్కడ పెడతావని అడిగాను. ఆవిడ సముద్రం ఒడ్డున చేపల్ని పెట్టి చూపిస్తారే అక్వేరియం, అందులో నీళ్ళు ఎక్కడివని అడిగింది. సముద్రంవే, పంపులతో తోడతారట అన్నాను. మళ్ళీ అక్కడికే పోతాయా అంది. పోతాయనే విన్నానన్నాను. అవ్వ తల ఊపి, నువ్వుల పొట్లం రవికలో దోపుకుని వెళ్ళిపోయింది.

బాప్తిస్మానికి ముందు అమ్మని సంతోషపెట్టాలని కొడుకు సరదా పడ్డాడు. ఎక్కడికి వెళ్దామంటే అవ్వ అక్వేరియం అంది. అతని మొహం వెలిగిపోయింది. అమ్మకి సముద్రం బెంగ తీరిందనుకున్నాడు పాపం. అయినా అద్దం అడ్డం ఉంటుంది కదా. "సిస్టర్, మీరూ రండి, పాపకి కూడా బావుంటుంది," అని నన్ను పిలిచాడు. అతని ఇంగ్లీషుని నా తెలుగులో చెబుతున్నాను. మా ఆయనకి ఆ శనివారం డ్యూటీ. కోడలు చేపలు వేయించి, రొట్టెలు చేసి, ఖాళీ ఐస్‌క్రీం డబ్బాల్లో సర్దింది. అత్తగారికి వేరే డబ్బాలో బంగాళాదుంప కూర. అందరం వాళ్ళ వ్యాన్ ఎక్కాం. అవ్వ మంచి చీర కట్టి, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, దారంతా దాన్ని రెండు చేతులతో పట్టుకునే కూర్చుంది.

అంతకు మునుపు తెల్లవాళ్ళకి మాత్రమే అని బోర్డులుండే తీరమది. కొడుకు వ్యాన్ దిగుతూనే తల్లి చెయ్యి పట్టుకున్నాడు, సముద్రం వైపు తను అడ్డంగా నడుస్తూ. అవ్వ అతని భుజం మీదుగా నీళ్ళ వైపు చూసింది.

"చిన్నోణ్ణి ఇటేపు రానిచ్చేవోళ్ళు కాదు," అంది నాతో. "సముద్రం లోపట బోర్డులు నేవు గదా. ఈపాటికి వచ్చే ఉంటాడు."

లోపల చీకటి, తడి సిమెంటు వాసన. అద్దాల్లోంచి వచ్చే నీలం వెలుగులో అందరి మొహాలూ జ్వరం తగిలినట్టున్నాయి. మా పాప ప్రతి అద్దానికీ ముక్కు ఆనించి కేకలు పెడుతోంది. అవ్వకి చేపలన్నీ తెలుసు, మొగుడు జాలరి మరి. ఇది చింతపండు పులుసుకి, అది వేపుడికి, దానికి వంకాయ వెయ్యాలి అని పాపకి చెబుతూ నడిచింది. ఇన్నేళ్ళుగా నోట పెట్టని చేపల్ని అంత రుచిగా చెబుతుంటే కొడుకు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ రోజు మొత్తానికి నవ్విందంటే అదే.

సొరచేపల తొట్టి దగ్గర అవ్వ మాట ఆగిపోయింది. అవి ఎవర్నీ చూడకుండా ఒకే దారిలో తిరుగుతున్నాయి. ఒకటి దగ్గరగా వచ్చి, తెల్లటి పొట్ట చూపించి, మళ్ళీ వెనక్కి పోయింది. అవ్వ చాలాసేపు దాన్నే చూసింది.

"ఇయ్యి ఎన్నేళ్ళు బతుకుతాయి?" అంది.

"చాలా ఏళ్ళే అనుకుంటా."

"పుష్కరం దాటి బతుకుతాయా?"

కొడుకు ఆ మాట విన్నాడు. గబగబా మా పాప చెయ్యి పట్టుకుని, తాబేళ్ళని చూద్దాం రమ్మని ముందుకు పోయాడు. కోడలు వాళ్ళ వెనకే వెళ్ళింది.

ఆ మలుపులోనే పైన కప్పులేని ఒక కొలనుంది. మోకాలెత్తు గోడ, లోపల ఇసక, చాటంత వెడల్పున్న టేకి చేపలు, నాలుగు చిన్న చేపలు. అవ్వ గోడ మీద చతికిలబడి, సంచీలోంచి పాత మార్గరిన్ డబ్బా తీసింది. అన్నం ముద్ద, మీద నల్ల నువ్వులు. పక్కనే బెల్లం ముక్క, చిన్నోడికి తీపి ఇష్టమట. పేరు పెట్టి పిలిచి, "తిను నాయినా," అని రెండు చేతులతో నీళ్ళల్లో వదిలింది.

ముద్ద మునిగి, ఇసక మీద విడిపోయింది. నువ్వులు పైకి తేలాయి. ఒక చిన్న చేప వచ్చింది. మెతుకు నోట కరుచుకుంది. చేప దాన్ని ఉమ్మేసి పోయింది. ఇంకోటి వచ్చి, మూతి పెట్టి, పక్కకి తిరిగింది. మన ఇళ్ళల్లో పిండం పెట్టి, కాకి ముట్టకపోతే వాకిట్లో అందరూ ఎలా బిగుసుకుపోతారో తెలుసు కదా. అవ్వ అలా అయిపోయింది.

"నో, గోగో, నో," అంటూ యూనిఫాంలో ఉన్న జులూ పిల్ల ఒకతె పరిగెత్తుకొచ్చింది. గోగో అంటే వాళ్ళ భాషలో అవ్వే. పాపం మర్యాదగానే చెప్పింది, బయటి తిండి వేస్తే చేపలు చస్తాయని. పొడుగు కర్రకి కట్టిన వలతో అన్నమంతా దేవి, పక్కనున్న చెత్తబుట్టలో దులిపింది. చిప్స్ పొట్లాల మీద, జ్యూస్ డబ్బాల మీద పడిందది. అవ్వ ఆ బుట్ట వైపే చూస్తూ కూర్చుంది. నాకు ఆ పిల్ల మీద కోపం రాలేదు. ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియక ఏడుపొచ్చింది.

కొడుకు వెనక్కొచ్చాడు. బుట్టలోకి చూశాడు. నువ్వులు చూశాక అతనికి ఇంకొకరు చెప్పక్కర్లేదు, తెలుగింట్లో పుట్టినవాడే.

"ఎందుకిలా చేస్తావ్ మా? చచ్చిపోయాడు వాడు. ఏదీ తినడు," అన్నాడు.

చచ్చిపోయాడన్న మాట ఆ ఇంట్లో అప్పటిదాకా ఎవరూ అనలేదని తర్వాత కోడలు చెప్పింది. అవ్వ డబ్బా మూత పెట్టి, నా చెయ్యి పట్టుకుని లేచింది.

బయట గడ్డి మీద దుప్పటి పరిచి అన్నాలకి కూర్చున్నాం. రోడ్డుకి అవతల సముద్రం మోగుతోంది. కోడలు అవ్వ ముందు బంగాళాదుంపల డబ్బా పెట్టింది. అవ్వ దాన్ని పక్కకి జరిపి, చెయ్యి చాపి, కొడుకు పళ్ళెంలోంచి ఒక వేయించిన సార్డీన్ తీసుకుంది. తుంచి నోట్లో పెట్టుకుంది.

కొడుక్కి ఆనందం పట్టలేదు. "ప్రెయిజ్ గాడ్!" అని చప్పట్లు కొట్టాడు. పాతవన్నీ అమ్మ వదిలేసిందనుకున్నాడు. ఇంకోటి వేశాడు. అవ్వ వద్దనలేదు. నములుతోంది, నాలుకతో ముల్లు వెతుకుతోంది, తీసి రుమాలు మీద పెడుతోంది. నడుమ ముల్లు, తల ఎముక, సన్న ముళ్ళు, ఒక్కటీ పారెయ్యలేదు. కళ్ళల్లోంచి నీళ్ళు కారి చేపతో పాటే నోట్లోకి పోతున్నాయి. తినడం అయ్యాక సీసాలో నీళ్ళు పోసి ఆ ముళ్ళని కడిగింది. అప్పుడు కొడుకు చేతులు ఆగాయి.

"చేప ముట్టనేదు, అమ్మీ," అంది నాతో. "ఆడి కూడు ఆడికి అందనేదు. ఆణ్ణి తిన్నాది చేపే గదా. అందుకే చేపని నాను తిన్నాను. ఆడు ఇప్పుడు నా కడుపులో ఉన్నాడు. ఇయ్యి ఆడి అస్థికలు."

రుమాలు ముడేసి కొడుకు ముందుకి చాపింది.

"పెద్దోడా, నీ తమ్ముడు. రోడ్డుకి అవతలే సముద్రం. ఒకపాలి ఎల్లి కలిపెయ్యి. నిన్నింకేదీ అడగను."

అతను ఆ మూట వైపు చూశాడు. సముద్రం వైపు చూశాడు. ఆ నీళ్ళల్లోంచి ఒంటరిగా ఈదుకొచ్చిన వాడతను. ఒక్కసారి చెయ్యి ముందుకొచ్చినట్టే వచ్చి, మళ్ళీ ఒళ్ళో పడిపోయింది.

"బండెక్కు మా," అన్నాడు.

ఆదివారం బాప్తిస్మం జరిగింది. అవ్వకి తెల్ల గౌను వేసి, సిమెంటు తొట్టిలో ముంచి లేపారు. అంతసేపూ ఒక చెయ్యి నడుం దగ్గర గట్టిగా అదిమి పెట్టుకునే ఉంది. చలికని అందరూ అనుకున్నారు. మాట తప్పలేదు, ఆ తర్వాత పూజలేవీ చెయ్యలేదు. చేప కూడా మళ్ళీ తినలేదు.

వానలు మొదలయ్యేసరికి దగ్గు పట్టుకుంది. ఆ పొగలో ఎవరి ఊపిరితిత్తులు ఆగుతాయి? రెండు వారాలు మంచం మీద ఉండి కన్నుమూసింది. స్నానం చేయించడానికి కోడలు నన్ను పిలిచింది. ఒంటి మీది బట్టలు విప్పుతుంటే లంగా బొందుకి కట్టిన చిన్న మూట చేతికి తగిలింది. ఆ రుమాలే. తొట్టిలో తడిసి, ఆరి, బిగుసుకుపోయిన ముడి. ఏం చెయ్యాలో తోచక కోడలు మొగుణ్ణి గుమ్మం దగ్గరికి పిలిచి చేతిలో పెట్టింది.

ముందు గదిలో పాస్టర్ పాట ఎత్తుకున్నాడు. కొడుకు మూటని వేళ్ళతో తడిమాడు. లోపల సన్నగా ఏదో విరిగిన చప్పుడైంది. అప్పుడు చెయ్యి బిగించడం మానేసి, అరచేతిలో ఊరికే పెట్టుకుని నిలబడ్డాడు. కాసేపయ్యాక నాకు అందించాడు.

"మళ్ళీ అమ్మ నడుముకే కట్టెయ్యండి," అన్నాడు తెలుగులో. అతని నోట నేను తెలుగు వినడం అదే మొదలు. "పాస్టర్‌కి సెప్పకండి."